వాన వెలిసిన రాత్రి

వరంగల్ వైపు, కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని కింద ఒక ఊరు. ఆ చెరువుకు మూడు తూములు, ఒక మత్తడి, ఒక నీరటి. తూము ఎత్తేదీ దించేదీ, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసేదీ, వానాకాలం కట్టకు కాపలా ఉండేదీ నీరటే. ఊళ్లో చిన్నా పెద్దా ఆయన్ను నీరటి తాత అనే పిలిచేవారు. డెబ్బై దాటినా రాత్రి రెండు గంటలకొకసారి లేచి కూర్చునేవాడు. ముసలితనంలో నిద్ర పట్టదులే అనుకునేవాళ్లకు ఆ మెలకువ వెనకున్న సంగతి తెలియదు.

ఆయన పాతికేళ్ల వయసులో ఒక ముసురు పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. ఊరంతా కట్ట మీదే ఉంది. ఇసుక బస్తాలు, తాటి మొద్దులు, కందిళ్లు. ఐదో రోజు పొద్దున వాన వెలిసి ఎండ కాసింది. మత్తడి దుంకుతుంటే పిల్లలు చేపలు పట్టారు. ఇక భయం లేదని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. నాలుగు రాత్రులు కన్ను మూయని ఆ పడుచు నీరటి కూడా తూము గద్దె మీద తల వాల్చాడు.

తెల్లవారేసరికి కట్టకు గండి పడింది.

పైన వాన లేదు. కానీ లోపల కట్ట నాని ఉంది. ఎప్పుడో ఎండ్రకాయ తొలిచిన సన్నటి బొర్రలోంచి నీరు దారి చేసుకుని, మట్టిని కొంచెం కొంచెంగా తోడుకుంటూ రాత్రంతా పారింది. మొదట్లోనే చూసి ఉంటే నాలుగు బస్తాలతో ఆగేది. చూసేవాడు లేడు. మనుషులకేమీ కాలేదు గాని, ఆ ఏడు ఊళ్లో వరి గింజ ఇల్లు చేరలేదు. “ఆ గండి కట్టకు పడలే, నా నిద్రల పడ్డది” అనేవాడు తాత.

ఏళ్లు గడిచాయి. ఒక దసరా ముందు రోజు, హన్మకొండలో డిగ్రీ చదివే మనవడు పండక్కని బండి మీద ఊరికొస్తున్నాడు. హెల్మెట్ ఉంది, కానీ అద్దానికి వేలాడుతోంది. ఊరి మలుపులో రోడ్డు మీద మక్కలు ఆరబోశారు. ముందు చక్రం జర్రున జారింది. మైలురాయి అంచుకు ఎడమ కణత కొట్టుకుంది. నిమిషం పాటు కుర్రాడికి లోకం తెలియలేదు. తర్వాత లేచి కూర్చుని, చొక్కా దులుపుకుని, “నాకేం గాలే” అన్నాడు.

ఎవరో 108కు ఫోన్ కొట్టారు. ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. లోపల రక్తం కనబడలేదు. సాయంత్రం దాకా పడుకోబెట్టి, గంట గంటకూ చూసి, ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. తండ్రి ఆటో మాట్లాడటానికి బయటికి పోయాడు. డాక్టరు సంతకం చేసిన కాయితాన్ని మనవడు నాలుగు మడతలు పెట్టి ప్యాంటు జేబులో కుక్కబోయాడు. తాత చెయ్యి పట్టి ఆపాడు. కాయితం తీసుకుని వార్డు మూలనున్న నర్సు దగ్గరికి నడిచాడు.

“బిడ్డా, ఇండ్ల ఏం రాసిన్రు?”

“జాగ్రత్తలు తాతా. ఇంగ్లీషుల ఉన్నయి. మీ మనుమడు సదువుకున్నోడే గద, సదువుకుంటడు.”

“వాడు సదువుతడు. వాన్ని సూసుకునేది నేను. నాకు అచ్చరం ముక్క రాదు. నోటితోని చెప్పు, గుర్తు పెట్టుకుంట.”

నర్సు చేతిలోని సెలైన్ సీసా పక్కన పెట్టింది. ఆమె కోసం ఇంకా ఎన్నో మంచాలు ఎదురు చూస్తున్నాయి. అయినా స్టూలు జరుపుకుని కూర్చుంది. “నిజమే తాతా. ఈ కాయితం పిలగానికి గాదు, మీకే రాసింది. దెబ్బ తగిలింది ఆయన తలకు. తలే బాగలేనప్పుడు, నేను బాగనే ఉన్ననని ఆ తల చెప్పే మాట ఎట్ల నమ్ముతం? రేపు ఈ యాళ్లదాంక ఒక్కన్ని ఇడిచిపెట్టొద్దు. రాత్రి రెండు గంటలకొకసారి లేపి సూడుమన్నడు డాక్టరు.”

రెండు గంటలకొకసారి అన్న మాట వినగానే తాత ముఖం మారింది. భుజం మీది తువ్వాల తీసి ఒడిలో పెట్టుకున్నాడు. “ఏమేం సూడాలె?”

ఆమె ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన తువ్వాల అంచుకు ఒక్కొక్క ముడి వేశాడు. లేపితే లేవకుంటే, లేదా మత్తులోకి జారిపోతుంటే మొదటి ముడి. మళ్లీ మళ్లీ వాంతులైతే రెండోది. తలనొప్పి తగ్గకుండా పెరుగుతుంటే మూడోది. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా నాలుగోది. ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పితే ఐదోది. ఫిట్స్ వస్తే ఆరోది. ముక్కులోంచి గాని చెవిలోంచి గాని రక్తమో తేట నీళ్లో కారితే ఏడోది.

“ఇండ్ల ఏ ఒక్కటి కనబడ్డా తెల్లారేదాంక ఆగొద్దు తాతా. ఇగ నువ్వు చెప్పు, నేను ఇంట.”

తాత ముళ్లు తడుముతూ చెప్పుకొచ్చాడు. ఐదో ముడి దగ్గర ఆగిపోయాడు. నర్సు తన కుడి చెయ్యి పైకెత్తి, వేలాడేసి చూపించింది. “ఆఁ, పట్టు తప్పుడు” అన్నాడు తాత. ఆ ముడిని ఇంకొంచెం బిగించాడు.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా చుట్టాలు. మేనత్త దిష్టి తీసింది. వరసకు బావ ఒకడు లుంగీ మడతలోంచి సీసా బయటికి తీసి, “ఒక్క గుక్కేస్తె నొప్పులన్ని పోతయి బామ్మర్దీ” అన్నాడు. తాత ఆ సీసాను అట్లాగే లాక్కుని సందుగలో పెట్టి తాళం వేశాడు. ఊళ్లో సూదులు వేసే ఆరెంపీ వచ్చి, హాయిగా నిద్రపట్టే గోలీ ఇస్తానన్నాడు. “నిద్ర గోలీ ఏస్తె వాడు పండుకున్నడో, మత్తుల ఉన్నడో నాకెట్ల ఎరుకైతది?” అని తాత అడిగాడు. ఆరెంపీ దగ్గర జవాబు లేదు.

“నాకేం గాలే తాతా, అందరు నన్ను సూసి నవ్వుతున్నరు” అన్నాడు మనవడు.

“కట్టకు బొర్ర పడ్డదని కట్ట ఎన్నడన్న ఒర్రిందా కొడుకా? ఒడ్డుమీదోడు సూసి ఒర్రాలె.”

తొమ్మిదింటికి తాత మొదటిసారి లేపాడు. పేరడుగు, ఊరడుగు, రోజడుగు అని నర్సు చెప్పింది. పేరు నిద్రలో కూడా చెప్తాడని తాత తనదైన ప్రశ్న ఒకటి ఎంచుకున్నాడు.

“మన చెరువుకు తూములెన్నిరా?”

“మూడు. పెద్ద తూము, నడిమి తూము, చిన్న తూము.”

“రెండు చేతులు లేపు.” లేపాడు. “పండుకో.”

పదకొండింటికి మళ్లీ లేపాడు. “మూడే తాతా! రాత్రికి రాత్రి ఇంకోటి కట్టిన్రా? పండనియ్యి!” అని విసుక్కున్నాడు మనవడు. తాత నవ్వుకున్నాడు. అలవాటు ప్రకారం విసుక్కున్నాడంటే తెలివిలో ఉన్నట్టే. “పండుకున్నోన్ని ఎందుకు మామా సతాయిస్తవు?” అంది కోడలు. తాత పలకలేదు. కందిలి లేదు గాని, ఒడిలో తువ్వాల ఉంది.

ఒంటిగంటకు లేపబోతే కుర్రాడు అప్పటికే తల పట్టుకుని మూలుగుతున్నాడు. లేచి కూర్చోగానే భళ్లున వాంతి చేసుకున్నాడు. కాసేపటికి మళ్లీ.

“పెరుగన్నం పడలేదేమో మామా. తెల్లారినంక సూద్దాం” అంది కోడలు.

“తూములెన్నిరా?” అన్నాడు తాత.

“తూ… తూములా… ఆరు… బండి తాళం ఏది తాతా…”

“చెంబు పట్టు.”

కుర్రాడు కుడి చెయ్యి చాపాడు. చెంబు వేళ్లలోంచి జారి గచ్చు మీద ఠంగుమంది. తాత చెయ్యి తువ్వాల మీదికి పోయింది. రెండు, మూడు, నాలుగు, ఐదు.

“తెల్లారినంక గండి కనబడ్తది బిడ్డా, బుంగ కనబడది. 108కు కొట్టుండ్రి.”

అంబులెన్సు వచ్చేలోగా కొడుకు నీళ్లు తాగించబోతే వద్దన్నాడు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా మనవణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. ఆసుపత్రిలో మళ్లీ స్కానింగ్ తీశారు. ఈసారి ఎముకకూ మెదడు మీది పొరకూ నడుమ రక్తం గడ్డకట్టి ఉంది. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే తండ్రి బిత్తరపోయాడు. తాత చెప్పాడు: “తొమ్మిదింటికి మూడు తూములన్నడు, చేతులు లేపిండు. పదకొండింటికి మూడన్నడు, విసుక్కున్నడు. ఒంటిగంటకు రెండు వాంతులు, తూముల లెక్క తప్పింది, కుడి చెయ్యి జారింది.” డాక్టరు తలెత్తి ఒకసారి ఆయన్ను చూసి, ఆ మాటలన్నీ కేసుషీటు మీద రాసుకున్నాడు. తెల్లవారకముందే తల ఎముక తెరిచి గడ్డ తీశారు.

పది రోజుల తర్వాత రెండోసారి డిశ్చార్జి కాయితం చేతికొచ్చింది. ఈసారి మనవడు దాన్ని మడత పెట్టలేదు. “తాతా, నేనే సదివి చెప్త, ముళ్లు ఏస్తవా?” అన్నాడు. తాత భుజం మీది తువ్వాల తీసి కోడలి చేతికిచ్చాడు. “మీ అమ్మకు చెప్పు. ఇయ్యాల కాపల ఆమెది.”

ఆ రాత్రి తొమ్మిదింటికి పడుకున్న నీరటి తాత తెల్లారేదాకా లేవలేదు.

నీతి: వాన వెలిసిన రాత్రే కట్టకు కాపలా కావాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడమంటే కాపలా ఎత్తేయడం కాదు, కాపలా చేతులు మారడం.

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాయితాన్ని మనం రసీదులా చూస్తాం. పని అయిపోయింది, ఇక ఇంటికి పోదాం అనుకుంటాం. దాన్ని రోగి చేతిలో పెట్టి ఊరుకుంటాం. నిజానికి అది పక్కనుండే మనిషికి రాసిన ఉత్తరం. కాలు విరిగినవాడు కాలు నొప్పి అని చెప్పగలడు, ఎందుకంటే చెప్పే తల బాగుంది. తల దెబ్బలో చెప్పాల్సిన అవయవమే దెబ్బ తిన్నది. అందుకే ఇలాంటి రోగి కనీసం మొదటి 24 గంటలు ఒంటరిగా ఉండకూడదు, పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండాలి.

ఇందులో కిటుకు ఏమిటంటే, కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే రక్తం మెల్లగా చేరుతుంది. చేరే కాసిన్ని గంటలు మనిషి లేచి తిరుగుతాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు. పుర్రె మూసిన పెట్టె, రక్తానికి అందులో చోటు లేదు. చోటు చాలనప్పుడు అది మెదడును నొక్కుతుంది, అప్పుడు మనిషి గంటల్లో కూలిపోతాడు. మొదటి స్కానింగ్‌లో ఏమీ లేకుండా తర్వాత ఇలా కావడం అరుదే. గండి పడటం కూడా అరుదే, అయినా ప్రతి చెరువుకూ నీరటిని పెట్టుకున్నారు మన పెద్దలు.

ముసలివాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో, తాగుడు అలవాటున్నవాళ్లలో కథ ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. అక్కడ తెగేది సన్నటి సిర. బాత్రూంలో జారిన దెబ్బను ఇల్లంతా మరిచిపోయాక, వారాల తర్వాత నడక తూలడం, మతిమరుపు, ఎప్పుడూ మత్తుగా ఉండటం మొదలవుతాయి. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకుండా, ఆ పాత దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పాలి.

తాత అడిగిన ప్రశ్నలను చిన్నచూపు చూడకండి. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు తల దెబ్బ తిన్నవారి స్పృహను కొలిచే పద్ధతి ఒకటి తయారు చేశారు. నేటికీ ప్రపంచమంతా వాడేది దాన్నే. అందులో చూసేది మూడే: కళ్లు తెరుస్తున్నాడా, పొంతనగా మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు కాళ్లూ చేతులూ కదిలిస్తున్నాడా. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. లేపి, తూముల లెక్క అడిగి, చేతులు లేపమన్న నీరటి తాత చూసింది కూడా ఆ మూడింటినే.

తల దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని మన ఇళ్లలో ఒక మాట ఉంది. రోగిని రాత్రంతా కూర్చోబెట్టనక్కర్లేదు, అతనికి విశ్రాంతి కావాలి. డాక్టరు చెప్పిన వేళకు లేపి చూడటమే మన పని. నొప్పికి డాక్టరు చెప్పిన పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు గనుక అడగకుండా వేయకూడదు. మద్యం, నిద్రమాత్రలు అసలే వద్దు. అవి మత్తును దాచేస్తాయి. పూర్తిగా కోలుకుని, డాక్టరు సరేననేదాకా బండి తీయకూడదు. కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటి ఒకరికొకరు తగిలే ఆటలకు కనీసం మూడు వారాలు దూరం. ఏడు ముళ్లకు ఇంకొక్కటి కలుపుకోండి: చూపు మసకబారినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, కంటిపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నా అది కూడా పరుగెత్తాల్సిన గుర్తే. చంటిపిల్లలు నొప్పని చెప్పలేరు. ఆగకుండా ఏడవడం, పాలు తాగకపోవడం, ఎత్తుకుంటే వేలాడిపోవడం వాళ్ల భాష.

కాస్త తలనొప్పి, తల తిరగడం, చిరాకు, మతిమరుపు, వెలుతురూ చప్పుడూ పడకపోవడం కొన్నాళ్లు ఉంటాయి. చాలామందిలో వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కట్ట కింద ఊట తేటగా ఉంటే నీరటి భయపడడు, ఎర్రబారితే లేస్తాడు. మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అలాగే, ఉన్న నొప్పి తగ్గుతుంటే ఓపిక పట్టాలి, పెరుగుతుంటే పరుగెత్తాలి. ఒక్క సంగతిలో మాత్రం కట్టకూ తలకూ లెక్క తలకిందులు. ముక్కులోంచో చెవిలోంచో తేట నీళ్లు కారితే అది జలుబు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు.

హెల్మెట్ అద్దానికి కాక తలకు ఉంటే ఈ కథే లేదు. అది సరే. కానీ దెబ్బ తగిలాక చేసే పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు, చదువూ అక్కర్లేదు. వార్డు గడప దాటేముందు కాయితం పట్టుకుని, ఇది తెలుగులో చెప్పండి అని అడగండి. విన్నది తిరిగి అప్పజెప్పండి. ఈ రాత్రి మేలుకునేది ఎవరో అక్కడే తేల్చుకోండి. అప్పుడు ఆటో ఎక్కండి.